ఇసుక మేట మీద ప్రళయం

ప్రపంచం అంతమైన రోజున నేను అక్కడే ఉన్నాను. నా పరువు కూడా అదే పూట అంతమైంది. చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వుకోండి.

పంచాంగం చూసి ప్రళయం చెప్పేవాళ్ళను వేదికలెక్కి చీల్చి చెండాడే హేతువాదిని నేను. అలాంటి నన్ను బోల్తా కొట్టించింది పంచాంగం కాదు, సినిమా. లోకం నాశనమయ్యాక మిగిలిన నలుగురూ రొట్టెముక్క కోసం పీకలు కోసుకునే సినిమాలు వరసగా చూసి, మనిషంటే ఇంతేనని తీర్మానించేశాను. తెర మీద ఎద్దు ఈనిందంటే ఇంటికొచ్చి దూడను గాటన కట్టేసే రకమన్నమాట!

ముప్పై ఏళ్ళ వయసులో, ఒక మధ్యాహ్నం, ఐదేళ్ళ మా చిన్నితో గోదావరి దాటి నరసాపురం వెళ్ళడానికి, జనాన్ని ఏరు దాటించే పంటు ఎక్కాను. సముద్రం ఆటు మీద ఉంది, నీరు తగ్గింది. నడి ఏట్లో పంటు ఇసుక మేటెక్కి, కడుపునిండిన గేదెలా కూలబడింది. ఫోనులో చార్జి లేదు. దాన్ని తాగేసింది కూడా ఆ సినిమాలే. చుట్టూ ఉప్పునీళ్ళు, చేతిలో ఒకే ఒక్క మంచినీళ్ళ సీసా. దానికోసం ఈ జనమంతా నా బిడ్డ మీద పడితే? సీసాను చొక్కాలోకి దోపేశాను.

“నాన్నా, దాహం.”

“గట్టిగా అనకు. వింటారు. వీళ్ళంతా పోయాక మనిద్దరం తాగుదాం.”

ఎదురుగా లేసు అల్లుకుంటున్న పెద్దావిడ తలెత్తింది. “ఏంటండీ బాబూ, పొట్ట అలా పట్టుకున్నారు? గడ్డేమన్నా లేచిందా?”

“వాయువండి.”

“కాదు మామ్మా, నీళ్ళసీసా!” అంది చిన్ని. “మీరందరూ చచ్చిపోయాక మేమిద్దరం తాగుతాం.”

పంటు పంటంతా నా వైపు తిరిగింది. ఇక నరమాంస భక్షణే అనుకుని బిడ్డను గట్టిగా పట్టుకున్నాను.

“పిల్ల దాహమంటే ముందే చెప్పొద్దటండీ!” అంటూ ఆవిడ మరచెంబులో నీళ్ళు పట్టించి, క్యారియరు విప్పి పెరుగన్నం ముద్దలు పెట్టింది. వెనకనుంచి ఒకాయన కొబ్బరిబొండాం కొట్టిచ్చాడు.

“పోటొస్తే పంటు అదే లేస్తాదండి. మాకిది మామూలే,” అన్నాడు పంటు నడిపే ఆయన. “ఈలోగా మాత్రం ఎవరూ చావకండేం! పాపకి మాటొచ్చేస్తాది.”

నవ్వులకే పంటు కదిలిందనుకున్నాను. కాసేపటికి నిజంగానే పోటొచ్చింది, పంటు తేలింది. దానికంటే ముందే నా గుండె తేలింది. రేవులో దిగుతుంటే పెద్దావిడ రెండు అరటిపళ్ళు నా చేతిలో పెట్టింది.

“మీరేం తిన్నట్టు లేరు. తినండి బాబూ, ఇలాగైతే ప్రళయం దాకా నిలవరు!”

అందుచేత పంచభూతాల సాక్షిగా... క్షమించాలి, హేతువాదిని, ఆ పంటులోని జనం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ప్రపంచం ఎన్నిసార్లు అంతమైనా సరే, ముందు పక్కవాళ్ళను “భోంచేశారా అండీ?” అని అడిగాకే భయపడతాను.