మా డాబా మీది వైరు

కర్మన్‌ఘాట్‌లో ఈ పాత ఇల్లు కొన్నప్పటి నుంచి ఇప్పటిదాకా నా మాట పట్టించుకున్నవాళ్లు లేరు. గచ్చు మార్పించాను, రంగులు వేయించాను, ఇంటర్నెట్ కనెక్షన్ మాత్రం ఎన్నిసార్లు అడిగినా రాలేదు. నా తర్వాత అడిగిన పక్కింటాయనకు ముందే వచ్చింది. పైగా ఆయన వైరును నేను కొత్తగా పెట్టించిన డాబా రెయిలింగుకే కట్టి తీసుకుపోయారు. సాయంత్రం ఆయన ఇంట్లో క్రికెట్ కేకలు వినిపిస్తుంటే నా కడుపు మండిపోయేది.

"మీకు వచ్చేదాకా మా పాస్‌వర్డ్ వాడుకోండి" అన్నాడాయన నవ్వుతూ.

"పిల్లలు పరేషాన్ అయితున్నరు, జర తీస్కోరాదుండ్రి" అంది నా భార్య. నేను తీసుకోలేదు.

నిన్న ఆయన వైరు సరిచేయడానికి కనెక్షన్లు ఇచ్చే కుర్రాడు మా డాబా ఎక్కాడు. నేను మెట్లకు అడ్డంగా కూర్చున్నాను.

"తమ్మీ, నా ఇంటి మీదికెళ్లి పోయిన వైరు నా ఇంట్లకు ఎందుకు రాలే? గది చెప్పినంకనే కిందికి దిగు."