అమావాస్యనాటి హాజరు

పోయిన నెల యల్లక్క కన్నుమూసె. ధర్మవరంలో మా మగ్గాల పేట హైస్కూలు మూతబడినప్పుడే సగం చచ్చిపోయింది, ఇప్పుడు మిగిలిన సగం.

మొగుడు పోయినంక బత్తలపల్లి నుంచి వచ్చి, ఆ బడిలో మధ్యాన్నం అన్నం వండే పనికి చేరింది. నోరు మాత్రం అబ్బబ్బ! "మూతి కడుక్కోకుండానే వచ్చినావేమే?" అని తిట్టేది, తిట్టుకుంటానే ఇంకో గరిటె పప్పు పోసేది. నా కూతురు నాగజ్యోతి ఆ పప్పు తిని పెరిగిందే.

మా పేట బడికి ముందునుంచీ ఒకటే రోగం. పట్టుచీర నేయల్లంటే ఇంట్లో ఇంకో చెయ్యి కావల్ల. ఎనిమిదో తొమ్మిదో తరగతి కాగానే పిల్లోల్లు బడి మాని మగ్గం కాడికి వస్తారు. మా ఆయన నడుము పట్టుకోని పడిపోతే నాగజ్యోతీ అట్లే మానేసింది.

పిల్లోల్లు తగ్గిపోయిరి. బడి ఉంచల్లనా, మూసెయ్యల్లనా అని చూసేదానికి ఆఫీసరు వస్తాడని రెండేండ్ల కిందట హెడ్‌మాస్టరు దేవసహాయం సారు చెప్పినాడు.

"సారూ, అమావాస్యనాడు రమ్మనండి," అనె యల్లక్క. మా నేతోల్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. ఆ పొద్దు పిల్లోల్లందరూ ఖాళీ. సారుకూ ఆ మాట నచ్చె, ఆఫీసరూ సరే అనె.

ముందురోజు యల్లక్క వీధి వీధీ తిరిగింది. "మానేసినోల్లను గూడా పంపించండమ్మా. వాల్లది కాదా ఏమి ఆ బడి? పాయసం చేస్తాండా!" తెల్లారినాక నాగజ్యోతి పొట్టిదైపోయిన పాత యూనిఫాం ఏసుకోని పరిగెత్తింది. బడి నిండిపోయె. ఎవురు ఏ తరగతో సారు కనుక్కునే లోపలే ఆఫీసరు దిగె.

ఆయప్ప నేరుగా నా బిడ్డనే లేపినాడంట. "ఏ క్లాసమ్మా?"

"మానేసినా సార్. యల్లక్క రమ్మంటే వచ్చినా."

పక్క పిల్లోడూ అదే మాట. యెనక కూచ్చున్న పిల్ల గూడా అదే. ఆఫీసరు మొహం మాడిపోయె. లెక్క కోసం పిల్లల్ని తోలుకొచ్చినారా అని సారును కడిగి పారేసె. యల్లక్క గరిటె పట్టుకోనే అడ్డం పోయింది. "మోసం కాదు సామీ, ఈ బిడ్డలు గూడా ఈ బడోల్లే!" ఎవురు ఇనల్ల? జీపెక్కి పాయె. అంతమందిని చూసినాడే, మీరంతా ఏంటికి మానేసినారని ఒక్క మాట అడిగినాడా ఆ మనిషి?

సాయంత్రం యల్లక్క మా ఇంటికొచ్చె. తనవల్లే బడి పోతాదని నాగజ్యోతి మూలన కూచ్చోని ఏడుస్తాంది.

"నీవు నిజం చెప్పినావు తల్లీ. తప్పు నాది," అని పాయసం గిన్నె ముందర పెట్టె. పిల్ల రెండు గుక్కలు తాగి, కండ్లు తుడుచుకోని అడిగింది.

"యల్లక్కా, రేపు గూడా రావచ్చా బడికి?"

అంత నోరున్న మనిషి బిడ్డ తల నిమురుతా ఏడ్చింది, అంతే.

రేపు మగ్గముండాదని నేనే చెప్పినా.