చూరు కింది గిలాస

మేము తీసిన సినిమా నాలుగు నిమిషాలది. మాటల్లేవు, పాటల్లేవు, చివరికి పేరు కూడా పెట్టలేదు. అరవైల నడుమ, ఆర్మూర్ మార్కెట్లోకి పసుపు బండ్లు దిగే రోజుల్లో తీశాం. తీసింది ముగ్గురం. ఒకడు ఫొటో స్టూడియోలో పనిచేసే సాయిబుల పిల్లవాడు. పెళ్లిళ్లకు తిప్పే చిన్న సినిమా కెమెరాను యజమానిని బతిమాలి తెచ్చాడు. రెండోవాడు రైతుల పసుపును కమిషను మీద అమ్మిపెట్టే అడ్తిదారు కొడుకు. కథ వాడిది. మూడోవాణ్ని నేను, తాలూకా ఆఫీసులో నకలు గుమాస్తాను. నా అక్షరం బాగుంటుందని, ఏది ముందు తీశామో ఏది తర్వాత తీశామో రాసిపెట్టే పని నాకిచ్చారు. ఆ నోటుబుక్కు, ఆ ఏటి డైరీ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. అవి చూసుకునే ఇది రాస్తున్నాను.

కథ చిన్నది. ఒక ఊరినుంచి పసుపు బండి మీద నలుగురు వస్తారు. బస్తాలు దించి చాయ్ హోటలుకు పోతారు. ముగ్గురు బల్ల మీద కూర్చుని తాగుతారు. నాలుగోవాడు బయట చూరు కింద మేకుకు తగిలించిన సత్తు గిలాస తీసుకుని, తానే కడుక్కుని, కూర్చోకుండా తాగి, మళ్లీ కడిగి అక్కడే పెట్టి పోతాడు. అంతే. అప్పుడు మా చుట్టుపక్కల అది రోజూ కనిపించేదే. రోజూ కనిపించేది కాబట్టే ఎవరికీ కనిపించడం లేదని మా కథకుడి వాదన.

కులం సంగతి వచ్చింది కాబట్టి నా సంగతి చెప్పాలి. మేము మాదిగలం. ఆఫీసు కాగితాల్లో ఆ మాట ఉంది గాని, ఆర్మూర్ పక్కన నేనున్న పెర్కిట్‌లో ఎవరికీ తెలియదు. నేను, పదో తరగతి చదివే మా చెల్లె అక్కడ ఒక అవ్వ ఇంట్లో అర్ర కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. అవ్వ భర్త పోయాడు, ఎకరమున్నర పసుపు ఆమే చేయించేది. అర్ర అడగబోయిన రోజు, "మీ నాయినేం జేస్తడు కొడుకా?" అన్నది. "పట్వారి కాడ ఉంటడవ్వా" అన్నాను. పట్వారి దగ్గర గుమాస్తా అనుకుంది. మా నాయిన పట్వారి వెనక దస్త్రాల మూట మోస్తూ నడిచేవాడు. నేను అబద్ధమాడలేదు, అంతవరకే.

చెల్లె చదువు ఆ అర్ర మీద ఆధారపడి ఉంది. మా ఊళ్లో ఐదో తరగతి దాటి లేదు. ఆర్మూర్‌లో ఇంకో ఇల్లు చూద్దామన్నా, అడిగే మొదటి ప్రశ్న మీరెవరనేదే.

హోటలాయన తన దగ్గర తీయనివ్వలేదు. ఒక ఆదివారం మూతపడిన దుకాణం ముందు బల్ల వేసి, చూరుకు మేకు కొట్టి గిలాస తగిలించాం. బల్ల మీది ముగ్గురిని మార్కెట్టు బండ్లవాళ్లతో తీసి పంపించాం. నాలుగోవాడి వేషం కథకుడిదే. ఉన్నది ఒకటే రీలు కాబట్టి ముందు ఉత్తుత్తిగా చేసి చూశాం. వాడు గిలాసను దర్జాగా తీసి, కడగడం మరిచి, కెటిలు మూతికి ఆనించి పట్టుకుని, బల్ల మీద కూర్చోబోయాడు.

"అరే, దొరబాబు లెక్క తాగుతవేందిరా?" అన్నాడు కెమెరా అతను.

"మరెట్ల తాగాలె? చాయ్ చాయే గద."

మూడుసార్లు చేసినా అంతే. నేను నోటుబుక్కు పక్కన పెట్టి లేచాను. "గట్ల గాదు" అని చేసి చూపించాను. గిలాస అంచు ముట్టకుండా అడుగున పట్టి తీయాలి. బల్లకు తగలకుండా చుట్టూ తిరిగి రావాలి. గిలాస కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరగాలి. పైనుంచి పోస్తారు. పోసినాయన పక్కకు పోయినంక తీసుకోవాలి. తాగి కడిగి, నీళ్లు దులిపి, బోర్లించి పెట్టాలి. చేస్తున్నంతసేపు నాకేమీ అనిపించలేదు. అయినంక చూస్తే ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"నీకెట్ల దెలుసురా?" అన్నాడు కథకుడు.

"చిన్నప్పుడు సూసిన."

"అయితే నువ్వే జెయ్యి భాయి" అన్నాడు కెమెరా అతను. "నేర్పితే వచ్చేటట్టు లేదు వీనికి."

కాదనడానికి కారణం చెప్పాలి. చెప్పలేక చేశాను.

ఆ రీలు బొంబాయికి పోస్టులో పోయి కడిగించుకుని రావాలి. పార్సిలు కట్టే పని నాది కాబట్టి రీలు, కెమెరా రెండూ నా అర్రకు చేరాయి. మరునాడు మధ్యాహ్నం వాటిని ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ రీలులో ముందు ఒక అంచున తీసి, తిప్పి పెట్టి రెండో అంచున తీస్తారు. మూడోసారి ఎక్కించి తిప్పితే బొమ్మ మీద బొమ్మ పడి అంతా చెడిపోతుంది. పొరపాటయిందంటే ఎవరైనా నమ్ముతారు. చావి తిప్పి కెమెరా స్ప్రింగు కూడా బిగించాను. కాని నోటుబుక్కులో ఏమని రాయాలో తోచలేదు. చెప్పకుండా దాచడం నాకు చేతనయింది. లేనిది రాయడం చేతకాలేదు.

చెల్లె బడినుంచి వచ్చి చూసింది. భయం చెప్పుకున్నాను.

"అవ్వ ఎల్లగొడితె నీ పరీక్షలెట్ల?"

"ఎల్లగొట్టినంక సూద్దాం. గంత మంచిగ జేసినవట గద, నేను సూడొద్దా అన్నా? పంపియ్యి."

పంపాను.

రీలు తిరిగి వచ్చేసరికి నెల దాటింది. చెల్లె పరీక్షలకు పన్నెండు రోజులుంది. అడ్తిదారు గోదాములో, మధ్యాహ్నం హమాలీలు సద్ది తినే వేళ, తలుపులు మూసి, వెలుతురు వచ్చే సందులకు గోనె సంచులు కట్టి, సున్నం వేసిన గోడ మీద చూపించాం. హమాలీలు, పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్లు, బండ్లవాళ్లు, అంతా నలభై మంది దాకా. ఆ రోజే అవ్వ పసుపు అమ్మకానికి తెచ్చింది. పరీక్షల సెలవు కాబట్టి చెల్లె తోడు వచ్చింది. ఇద్దరూ ముందు వరసలో బస్తా మీద కూర్చున్నారు. రావద్దని ఎట్లా చెప్పను?

గోడ మీద నేను గిలాస తీసేసరికి గోదాములో మాటలాగిపోయాయి. కడిగి బోర్లించేటప్పుడు ఒక ముసలి హమాలీ గొంతు వినపడింది.

"గీ పిలగాడు మనోడేరా."

"నీకెట్ల దెల్సు?"

"గిలాస బోర్లిచ్చుడు జూడు. గది యాక్టింగ్ గాదు."

అవ్వ తల తిప్పి నా వైపు చూసింది. మళ్లీ గోడ వైపు తిరిగింది. జనం ఇంకోసారి వేయమన్నారు. వేశాం. రెండోసారి నేను గోడను చూడలేదు, అవ్వ వీపునే చూశాను. నాకేమీ తెలియలేదు.

ఖాళీ బండిలో పెర్కిట్‌కు బయలుదేరాం. అవ్వ ముందర, మేమిద్దరం వెనక. ఊరు దాటేదాకా ఎద్దుల గజ్జెలే. తర్వాత ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మీ నాయిన పట్వారి కాడ ఏం జేస్తడు?"

"దస్త్రం మోస్తడవ్వా. ఊర్ల సాటింపేస్తడు. మేం మాదిగోళ్లం."

ఆ మాట పెర్కిట్ దారిలో నా నోట రావడం అదే మొదలు.

"గప్పుడే జెప్పకపోతివి."

"చెప్తే అర్ర ఇస్తుంటివా?"

"ఎందుకిస్త? ఇయ్యకపోదును." ఆమె కూడా అబద్ధమాడలేదు. "రెండేండ్ల సంది నా బాయిల తోడుకుంటున్నరు. నీ చెల్లె తోడిన నీళ్లతోటే నేను వండుకుంటున్న. గిప్పుడు మిమ్ముల ఎల్లగొడితె, ఎందుకెల్లగొట్టినవని అడుగరా? సంగతి దెలిస్తె వాడకట్టోళ్లు ఎవల్ని జూసి నవ్వుతరు?"

జవాబు చెల్లె చెప్పింది.

"నిన్నే అవ్వా."

"నోర్ముయ్ పోరీ. పరీచ్చలు ఎన్ని దినాలున్నయి?"

"పన్నెండు."

"అయితే పన్నెండు దినాలు బాయి దిక్కు రాకు. నీళ్లు నేనే తోడుకుంట."

చెల్లె ముఖం వాడిపోయింది. అర్ర ఉంచి బావి తీసేసింది అనుకున్నాను.

"గట్ల సూస్తవేంది?" అన్నది అవ్వ. "పొద్దుగాల లేసి నా కుండలే నింపుకుంట కూసుంటె ఏం పాసైతవ్? సదువుకో. నీ అన్న తోడుతడు. తోడవా కొడుకా?"

"తోడుతనవ్వా" అన్నాను. బండి దిగి పక్కన నడిచాను. కూర్చోవడం చేతకాలేదు. పొలాలమీద పసుపు ఉడకబెట్టిన వాసన వస్తున్నది. నెల రోజుల తర్వాత ఆ వేళ నాకు ఆకలైంది.

ఆమె పూర్తిగా మారిపోయిందని రాస్తే అది డైరీకి విరుద్ధం. మేము వండింది ఆమె ఆ తర్వాత కూడా చాలాకాలం తినలేదు. ఏదో ఒక ఉపవాసం పేరు చెప్పేది. కాని అర్ర ఖాళీ చేయమనలేదు. చెల్లె అక్కడే ఉండి పరీక్షలు రాసింది, పాసయింది, తర్వాత టీచరు ట్రైనింగుకు పోయింది.

సినిమా చూపించిన మరునాడు పొద్దున్నే చెప్పినట్టే నేను బావి దగ్గరికి పోయాను. గోడ అవతలి నుంచి పక్కింటామె తొంగి చూసింది.

"నిన్న అడ్తిల తమాషా ఏసిండ్రట. గిలాస కడిగింది నువ్వేనట?"

"నేనే. మేం గట్లనే తాగెటోళ్లం."

ఆమె అవ్వ వైపు చూసింది. అవ్వ నేను తోడిన నీళ్లతో ముఖం కడుక్కుంటున్నది.

"అడిగితివి, జెప్పిండు" అన్నది. "ఇగ పో, నీ పొయ్యి మీద పాలు పొంగుతున్నయి."