పెరటి తలుపుకు అడ్డంగా మా అత్త

నా పెళ్లయిన కొత్తలో, శ్రీకాకుళం తీరంలోని అత్తవారింట్లో జరిగిందిది. మగవాళ్లు చేపల వేటకు వెళ్లిన సమయంలో ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఎవరిదో పడవ ఇంజను పోయిందట, మా పెరట్లోని వలల పాక వెతుకుతామన్నారు. నేను దారి వదిలి పక్కకు జరిగాను. మా అత్త మాత్రం పెరటి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"కాయితం ఉన్నాదా బాబూ?"

"పెరటికి కాయితమేటమ్మా?" అన్నాడొకతను.

"పెరడూ ఇంట్లోదే. కాయితం, ఇద్దరు సాక్షుల్ని తెండి. నానే తలుపు తీస్తాను."

"స్టేషనుకి లాక్కెళ్తాం" అని గద్దించినా ఆమె కదల్లేదు. చివరికి వాళ్లే వెళ్లిపోయారు.

మర్నాడు ఎస్సై వారెంటుతో, ఇద్దరు ఊరి మనుషులతో వచ్చాడు. అత్త తలుపు తీసింది. వాళ్లకు వలలు తప్ప ఏమీ దొరకలేదు.

"ఏటీ దొరకనేదని రాసి, నాకో కాపీ ఇయ్యండి" అందామె. ఎస్సై రాసిచ్చాడు.

పోలీసుల్ని పద్ధతిగా రమ్మని అడగవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.