కోడలైన చిట్టెమ్మ

కరోనా తర్వాత బడులు తెరుచుకున్న మరుసటి ఏడు, గోపాల్‌పేట మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్లాను. పెద్ద హోదా అనుకోకండి. పాఠం చెప్పేదీ, మధ్యాహ్న భోజనం రుచి చూసేదీ, సాయంత్రం గేటుకు తాళం వేసేదీ నేనే.

ఆ ఏడు మండల స్థాయిలో బోధన సామగ్రి మేళా పెట్టారు. పాఠం చెప్పడానికి సొంతంగా తయారుచేసుకున్న వస్తువులను మండల విద్యాధికారి, అంటే ఎంఈవో ముందు ప్రదర్శించాలి. అక్కడ నెగ్గితే వనపర్తిలో జిల్లా మేళా. నెగ్గితే తీసుకెళ్తానని పిల్లలకు మాట ఇచ్చేశాను. వాళ్లలో చాలామంది వనపర్తిని చూసింది అమ్మానాన్నలతో వలస పోతూ, బస్సు కిటికీలోంచే.

తూకాల పాఠానికి రెండు చేతిబొమ్మలు చేశాం. నానబెట్టిన పాత పేపర్లు, మైదా బంకతో తలలు, చింతగింజలతో కళ్లు, దర్జీ ఇచ్చిన పీలికలతో బట్టలు. లోపల చెయ్యి దూర్చి ఆడించాలి. కూరగాయలమ్మే బాలయ్యను మా పిల్లల్లో నరేశ్, కొనేందుకొచ్చే చిట్టెమ్మను సుజాత ఆడిస్తారు. “ఓ బాలయ్యా, తూకం తక్కువైంది!” అని చిట్టెమ్మ అరవాలి. పాఠానికి అదే ప్రాణం.

మేళా ముందురోజు చూస్తే బీరువాలో బొమ్మలు లేవు! వానలు పడటం లేదని పిల్లలు బొమ్మల పెండ్లి చేశారట. వేరే బొమ్మలెందుకని మావాటికే ముడిపెట్టేశారు. చిట్టెమ్మ అప్పటికే అత్తారింట్లో, అంటే నరేశ్ వాళ్లింట్లో ఉంది. అడగబోతే అతని నాయనమ్మ సాయమ్మ నన్ను గడప దగ్గరే ఆపింది.

“కొత్త కోడల్ని గిట్ల ఉత్తగనే ఎట్ల పంపుతం టీచరమ్మా? పుట్టింటోళ్ల లెక్క ఒడిబియ్యం పోసి తీస్కపో.”

ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాను, పిల్ల తల్లిని నేనే మరి! బడి బియ్యం ముట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం కనుక ఇంటినుంచి తెచ్చి, పసుపు కలిపి, అరచేతంత ఒడిలో పోసి బిడ్డను తెచ్చుకున్నాను. అల్లుడు కూడా వెంట వచ్చాడు.

మేళాలో నరేశ్ అరకిలో, పావుకిలో రాళ్లు మాత్రమే వేసి కిలో అన్నాడు. చిట్టెమ్మ నోరు విప్పదు. “బాలయ్యా అను” అని తెర పక్కనుంచి గొణిగాను.

“పెండ్లయింది గద టీచర్, మొగన్ని పేరు వెట్టి ఎట్ల పిలుస్తది?” అంది సుజాత, అందరికీ వినపడేలా.

తర్వాత చిట్టెమ్మ చేత తనే అనిపించింది: “ఏమయ్యా, ఇంటిదానికి గూడ తక్కువ తూస్తవా?”

బాలయ్య పరేషానై టమాటలన్నీ ఆమె సంచిలో కుమ్మరించాడు.

ఎంఈవో కళ్లద్దాలు తీసి, ఇందులో తూకాల పాఠం ఎక్కడుందని అడిగారు. ఇక వనపర్తి ఆశ వదులుకున్నాను. ఇంతలో ముందు కూర్చున్న వేరే బడి పిల్లలు లేచి, “పావుకిలో తక్కువేసిండు సార్! మేం జూసినం!” అని కేకలు పెట్టారు. ఆయన నవ్వాపుకోలేక మమ్మల్ని జిల్లాకు పంపారు. పిల్లలు వనపర్తి చూశారు. నాకు వాళ్లకంటే ఎక్కువ సంతోషమైంది.

వాన మాత్రం జిల్లా మేళా కూడా అయ్యాకే పడింది. కోడల్ని మధ్యలో పుట్టింటికి తీసుకుపోవడం వల్లనే ఆలస్యమైందని సాయమ్మ ఇప్పటికీ అంటుంది.

బొమ్మలు చేయించేటప్పుడు సంభాషణల కంటే ముందు వరసలు తేల్చుకోవాలని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను చేయించిన బొమ్మలన్నీ అక్కాతమ్ముళ్లే.