కడుపు మాత్రలు

స్తుతి అంతా అల్లాహ్‌దే. వెలుతురు చొరని చోట వేలికి గోరు అమర్చేవాడు ఆయన. మన నోట్లో మాట పుట్టకముందే దాని బరువు తెలిసినవాడు ఆయన. ఆయన పంపిన ప్రవక్తకు శాంతి కలుగుగాక. అల్లాహ్ పేరు తలచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

మేం రియాద్‌లో మలాజ్ అనే పేటలో ఉంటాం. మా ఆయన లిఫ్టులు బాగుచేసే పని మీద వచ్చి పదకొండేళ్లయింది. మాది కడప వైపు. మేం ముస్లింలమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా అమ్మకు ఇప్పటికీ ఉర్దూ రాదు. నన్ను మాత్రం ఆడపిల్లల మదరసాలో ఏడేళ్లు చదివించారు. అరబీ అక్కడే వచ్చింది. ఇక్కడికి వచ్చాక కూరగాయల అంగట్లో, ఆసుపత్రుల్లో అది బజారు అరబీగా మారింది.

ప్రతి సోమవారం మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక మా ముందుగదిలో పది, పన్నెండు మంది ఆడవాళ్లు చేరేవాళ్లం. అందరూ తెలుగు వాళ్లే. ఉర్దూ ప్రసంగాలకు పోతే సగం అర్థమై సగానికి నిద్ర వస్తోందని వాళ్లే నన్ను అడిగి పెట్టించుకున్న కూటం అది. నన్ను ఆపా అని పిలిచేవాళ్లు, అంటే అక్క అని.

కడుపు తీయించుకోవడం గురించి నేను ఆ గదిలో ఎన్నోసార్లు మాట్లాడాను. మాట్లాడాల్సిన అవసరం ఉండేది. ఉన్నది ఒక్క గది, ఇంకొకరు పుడితే ఎక్కడ పడుకోబెట్టాలి అని ఒకామె అంటుంది. విజిట్ వీసా మీద వచ్చాను, కాన్పు ఇక్కడా కాదు అక్కడా కాదు అని ఇంకొకామె అంటుంది. ఊరి నుంచి మాత్రలు తెప్పించుకున్నవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. అలాంటి మాట చెవిన పడితే నేను ఆ ఇంటికి వెళ్లి కూర్చునేదాన్ని. గుక్కెడు చాయ్ తాగి, గ్రంథం తెరిచి, అన్నం పెట్టేది మీరు కాదు, ఆయన అని చెప్పేదాన్ని. అలా ఒకామె మనసు మార్చుకుంది. ఆ పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. కూటంలో అందరి ఒళ్లూ ఎక్కి దిగుతుంది. దాన్ని చూపించి, ఇదిగో వాదన ఇక్కడుంది, దీనితో వాదించండి అనేదాన్ని.

గర్భంలో ఉన్నది ప్రాణమేనన్న నా నమ్మకం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందులో ఒక్క అక్షరం మారలేదు. ఇది చదివేవాళ్లు నన్ను పొరపాటుగా అర్థం చేసుకోకూడదని ముందే చెబుతున్నాను.

ఆ అమ్మాయి రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. మూడేళ్ల కొడుకు, చంకలో ఎనిమిది నెలల కూతురు. విజిట్ వీసా. భర్తకు ఏసీల పని. వాళ్లు మా వీధికి రెండు వీధుల అవతల గది తీసుకున్న నెలలోపే కంపెనీ అతన్ని ఐదు గంటల దూరంలోని హఫర్ అల్ బాతిన్‌కు పంపింది. రెండు వారాలకొకసారి గురువారం సాయంత్రం వచ్చి శనివారం పోయేవాడు. మిగతా రోజులు ఆ పిల్లకు మాట్లాడే మనిషి లేదు. సోమవారం అందరికంటే ముందు వచ్చి, అందరూ పోయాక చాయ్ గ్లాసులు కడిగి పెట్టి పోయేది.

ఒక సోమవారం బిడ్డ గర్భంలో ఎలా రూపుదిద్దుకుంటుందో చెబుతున్నాను. నూట ఇరవై రోజులకు దేవదూత వచ్చి ఆత్మ ఊదుతాడన్న ప్రవక్త మాట, ఆ హదీసు దగ్గర ఆగి మళ్లీ ఒకసారి చదివాను. ఆ వాక్యం ఎప్పుడు చెప్పినా అంతే. పాఠం అయ్యాక ఆ అమ్మాయి అడిగింది, నాలుగు నెలల లోపల అయితే ఎట్లా ఆపా అని. ఊర్లో ఒకామె అడగమందట. ఆమెకు రెండు కాన్పులూ ఆపరేషనేనట, రెండో కుట్లు ఆరకముందే మళ్లీ నిలిచిందట.

నేను పద్ధతిగానే జవాబు చెప్పాను. ఆ నాలుగు నెలల సంగతి మీద పండితుల్లో భేదం ఉంది, తల్లి ప్రాణానికి నిజంగా అపాయమని నమ్మకమైన డాక్టర్ చెబితే అది వేరే, వట్టి భయం మాత్రం కారణం కాదు అన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు.

"కడుపు ఇచ్చినవాడికి ఆ కుట్ల సంగతి తెలియదా అమ్మా?" అన్నాను.

గదిలో అందరూ బాగుందన్నట్టు తలలూపారు. ఒకామె ఆ మాట ఫోన్‌లో రాసుకుంది కూడా. ఆ అమ్మాయి లేచి అందరి గ్లాసులూ పోగుచేసింది. కడిగి పెట్టి వెళ్లింది.

ఆ పిల్ల రెండు కాన్పులూ ఆపరేషన్లేనని నాకు తెలుసు. తనే చెప్పింది ఒకసారి. అయినా ఊర్లో ఒకామె అన్న మాటను ఊర్లో ఒకామె గురించే అనుకున్నాను. ఎందుకనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాతి వారం నేను మా తమ్ముడి కూతురి పెళ్లికి ఊరికి బయల్దేరుతున్నాను. మన దగ్గర ఎవరు ఊరికి పోతున్నా అందరూ ఒక పొట్లం చెబుతారు. కారం, అల్లం మురబ్బా, కళ్లద్దాలు, మాత్రలు. కాదంటే మనిషే కాదన్నట్టు చూస్తారు. ఆ అమ్మాయి కూడా అడిగింది. తినేది ఇమడడం లేదట, కడుపులో తిప్పుతోందట. "మా అక్క కడుపు మాత్రలు ఇస్తాది ఆపా, తెచ్చి పెట్టండి" అంది.

మా వీధిలో కొట్టు నడిపేవాళ్లావిడ కూటంలో పక్కనే కూర్చుని ఉంది, వదల్లేదు. "రాయచోటి మిరపకాయ తిని కడుపు మాత్రలంటే అవేం చేస్తాయే పాపం" అంది. అందరం నవ్వాం. ఆ అమ్మాయి కూడా నవ్వింది.

మా ఊరికి ఆమె అక్క బస్సులో వచ్చి పొట్లం ఇచ్చి పోయింది. పసుపు దారంతో చుట్టిన చిన్న కాగితం పొట్లం. "కడుపు మాత్రలు, భద్రం" అంది. అన్నం తినమంటే బస్సు దొరకదంది. నా ముఖంలోకి చూడలేదు. సిగ్గరి మనిషి అనుకున్నాను.

రియాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ పిల్లవాడు నా సంచి విప్పించాడు. కారం పొడి వాసన చూసి తుమ్మి, తనే నవ్వాడు. తర్వాత ఆ పొట్లం విప్పి మాత్రల అట్ట పైకెత్తి ఇవి దేనికని అడిగాడు. డాక్టర్ చీటీ లేదు. ఉమ్రా యాత్రకు వచ్చినవాళ్ల వరుస నా వెనక పెరిగిపోతోంది.

తెలుగులో ఆకలికీ కడుపే, అజీర్తికీ కడుపే, బిడ్డకూ కడుపే. అరబీలో అలా కాదు. అన్నం పోయే కడుపుకు ఒక మాట, బిడ్డ ఉండే కడుపుకు ఇంకొక మాట. ఆ రెండూ నాకు మదరసా రోజుల నుంచి తెలుసు. నేను "మేదా" అన్నాను, అంటే అన్నం కడుపు. అతను ఇంకా చూస్తున్నాడని "వల్లాహి" అని కూడా చేర్చాను. దైవసాక్షిగా అని. అట్ట పొట్లంలో పెట్టి ఇచ్చేశాడు.

తెలియక చేసిన ప్రమాణానికి పాపం లేదని నేనే ఎంతమందికో చెప్పాను. ఆ పాఠం నాకు ఇంకా కంఠతా ఉంది.

పొట్లం ఆమె చేతిలో పెట్టిన ఎనిమిది రోజులకు సోమవారం వచ్చింది. అందరూ వచ్చారు, ఆమె రాలేదు. పాఠం మధ్యలో ఫోన్ మోగింది. వెనక పసిపాప ఏడుపు. "ఆపా, ఒకసారి రాగలరా, కడుపు" అని ఆగిపోయింది. అప్పుడు కూడా నేను జీలకర్ర పొట్లం ఒకటి చేత్తో పట్టుకుని పోయాను.

తలుపు తీసే ఉంది. స్నానాల గది గడపకు ఆనుకుని కూర్చుని ఉంది. కింద వేసుకున్న దుప్పటి నెత్తుటితో తడిసిపోయింది. కొడుకు మంచం మీద కూర్చుని ఆ పసుపు దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు. ఆ దారం చూశాకే నాకు తెలిసింది.

తిడతాననుకుందేమో, నేను నోరు తెరవకముందే చెప్పింది.

"నూట ఇరవై కాలేదు ఆపా. ఇంకా పన్నెండు రోజులు ఉండాయి. లెక్కపెట్టినా."

నేను దేవుడి అద్భుతమని చెప్పిన రోజుల్ని ఆ పిల్ల గడువుగా విన్నది. నాకోసం, నా పొట్లం కోసం ఎదురుచూస్తూ ఒక్కొక్క రోజూ చెరిపేసుకుంది. గడువు దాటలేదని నాకు చెప్పుకుంటోంది, హోమ్‌వర్క్ చూపించినట్టు.

పిల్లలిద్దరినీ కొట్టువాళ్లావిడకు అప్పజెప్పి టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో నా చేయి వదల్లేదు. దానంతటదే పోయిందని చెప్పమని బతిమాలింది. అక్కడ ఈజిప్టు డాక్టరమ్మ చూసిన వెంటనే నా వైపు తిరిగి, ఏం మింగిందని అడిగింది. మాత్రలు అన్నాను. ఆమె బతకాలంటే ఆ నిజం చెప్పక తప్పదు, అంతవరకు చెప్పాను. ఎక్కడివని అడిగింది డాక్టరమ్మ.

తెలుగులోకి మార్చి చెప్పే పని లేకపోయింది. ఆ ఒక్క అరబీ మాట ఆ అమ్మాయికి అర్థమైంది. నా కొంగు పట్టుకుని లాగింది.

"వీసా మీద వచ్చేటప్పుడు నేనే తెచ్చుకున్నానని చెప్పండి ఆపా. మీ పేరు రాకూడదు."

నేను చెప్పాను. వీసా మీద వచ్చేటప్పుడు తనే తెచ్చుకుందట అని, వ్యాకరణం ఎక్కడా తప్పకుండా, మంచి అరబీలో చెప్పాను. విమానాశ్రయంలో తెలియక మాట మార్చాను. ఇక్కడ తెలిసి మార్చాను. డాక్టరమ్మ రాసుకుని లోపలికి వెళ్లింది.

పాత కుట్ల దగ్గర చిరిగిందట. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. మనిషి దక్కింది, అల్‌హందులిల్లాహ్. బిడ్డకు పేరు పెట్టడం గానీ, పోయినవాళ్లను సాగనంపే జనాజా నమాజు గానీ లేవు. నాలుగు నెలలు నిండని బిడ్డకు ఆ నమాజు లేదని కూడా నేనే చెప్పేదాన్ని. పన్నెండు రోజులు తక్కువ. ఆసుపత్రి నడవాలో నిలబడి, చేయడానికి వీల్లేని ఆ నమాజుకు చేతులెత్తి మళ్లీ దించేశాను.

మర్నాడు హఫర్ అల్ బాతిన్ నుంచి భర్త వచ్చాడు. ఆసుపత్రి కాగితంలో ఉన్నది చదివించుకున్నాడు. ఆమె ఇక్కడికి వచ్చి ఆరో నెల నడుస్తోంది. అతను వేళ్లు మడిచి లెక్కవేశాడు. అంటే నిలవకముందే, ఊర్లో బయల్దేరినప్పుడే మాత్రలు మూట కట్టుకుని వచ్చింది. అతనికి తోచింది అదే. ఆమె మీద అరవలేదు, కొట్టలేదు. "నా బిడ్డను తీసేద్దామనే నా దగ్గరికి వచ్చింది ఆపా" అని నాతోనే చెప్పి ఏడ్చాడు. నేను అతనికి నీళ్లు ఇచ్చాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన లేచి వీధి తలుపు మూశాడు. పొట్లం నువ్వు తెచ్చావని బయటపడితే ఇద్దరికీ ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా పోతుంది, ఇంకేం జరుగుతుందో కూడా తెలియదు, ఆ పిల్లే వద్దంటోంది కదా, కొన్నాళ్లు చూద్దాం అన్నాడు. భర్త మాట విన్నాననే సాకు నాకు దొరికింది. కొన్నాళ్లు చూశాను.

నడవగలిగిన రోజున ఆమెను, పిల్లల్ని విమానం ఎక్కించాడు. అంతకు ముందు వారం కలవడానికి పోతే ఆమె మంచం మీద నుంచి లేవలేక, చాయ్ పెట్టలేకపోయానని నొచ్చుకుంది. చెప్పేస్తాను అన్నాను. "వద్దాపా. సోమవారం వచ్చేవాళ్లు ఏమవుతారు" అంది.

నెల తర్వాత అతను మా ఇంటికి వచ్చాడు. గది ఖాళీ చేస్తున్నాడట, నావి రెండు గిన్నెలు అక్కడ ఉండిపోయాయట. గుమ్మంలో నిలబడి గిన్నెలు అందిస్తుంటే ఇక ఆపుకోలేకపోయాను. అంతా చెప్పాను. పెళ్లికి పోవడం, పసుపు దారం, ఏ కడుపో తెలియక తేవడం, ఆసుపత్రిలో నేను మార్చి చెప్పిన మాట. ఆమె ముందే మూట కట్టుకుని రాలేదని, భయపడి తెప్పించుకుందని, ఆ భయం మొదట నాకే చెబితే నేను వినలేదని చెప్పాను.

అతను గిన్నెలు గుమ్మం పక్కన పెట్టాడు.

"మీకేం తెలియదని అది బిడ్డల మీద ఒట్టేసి చెప్పింది ఆపా. ఇద్దరూ కలిసే చేసినారన్నమాట."

కాదని ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాలా చెప్పాను. వల్లాహి అనబోయి ఆ మాట నోటికి రాక ఆగిపోయాను. అతను దాన్నే జవాబుగా తీసుకున్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా పిల్లలతో మాట్లాడడానికైనా ఆమెకు ఫోన్ చేసేవాడు. ఇప్పుడు అదీ లేదు. ఆమె నాకు ఒక్క మెసేజ్ పంపింది. "ఎందుకు చెప్పినారు ఆపా" అని. నేను రాసినవేవీ ఆ తర్వాత చూడలేదు.

కూటం ఇంకా జరుగుతోంది. నాలుగేళ్ల పాప వచ్చి ఒడిలో కూర్చుంటుంది. గర్భంలో బిడ్డ గురించి మళ్లీ ఒకసారి చెప్పమని కొత్తగా వచ్చినవాళ్లు అడిగారు. గ్రంథం తెరిచాను, ఆ పేజీ తీశాను. ఎవరైనా ఊర్లో ఒకామె అని మొదలుపెడతారేమోనని అందరి ముఖాలూ చూస్తూ కూర్చున్నాను. పాఠం చెప్పలేదు. గ్లాసులు నేనే కడుక్కున్నాను.

ఇది చదివినవాళ్లను ఒకటే అడుగుతున్నాను. నాకోసం కాదు. మీ నమాజు తర్వాత, లేదా మీరు ఏ విధంగా ఆయన ముందు నిలబడితే ఆ విధంగా, నాతో పాటు చేతులెత్తండి. ప్రభూ, జనాజాకు పన్నెండు రోజులు చాలని ఆ బిడ్డ పేరు నీకే తెలుసు, నీ దగ్గర పిలుచుకో. రాయచోటి దగ్గర ఒక గదిలో ఇద్దరు పిల్లల మధ్య పడుకున్న ఆ తల్లిని వదిలిపెట్టకు. ఆమె భర్త చెవికి నిజం నా నోటి ద్వారా చేరలేదు, నువ్వే చేర్చు. చేరుతుందన్న ఆశ నాకు లేదు, అందుకే అడుగుతున్నాను. ఆమీన్ అన్న మాట మీరు అనండి. నా నాలుక మీద నాకు నమ్మకం పోయింది.