అమ్మమ్మ చెప్పిన రేటు

మొన్న ఆదివారం ఆష్‌బర్న్‌లో మా ఆడపడుచు ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు, ఈ మధ్యనే హైస్కూల్లో చేరిన ఆమె కూతురు నా పక్కన సోఫాలో చేరి, ఎదురింటివాళ్ళు తమ కవలపిల్లల్ని శనివారాలు కాసేపు చూసిపెట్టమన్నారనీ, ఎంత అడగాలో తెలియడం లేదనీ, ఫోన్‌లో వెతికితే ఒక్కొక్కచోట ఒక్కొక్క అంకె కనిపిస్తోందనీ చెప్పి, "అత్తా, నువ్వు టీనేజ్‌లో బేబీసిట్టింగ్ చేశావ్ కదా, నీ రేట్ ఎలా సెట్ చేసుకున్నావ్?" అని అడిగింది. నేను నోరు విప్పేలోపే దానికేదో మెసేజ్ వచ్చి లేచిపోయింది గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. భోజనాల దగ్గరా, తిరిగివచ్చేటప్పుడు కార్‌లోనూ, ఇంటికి వచ్చాకా, హెర్న్‌డన్‌లో అప్పట్లో మేమున్న ఆ పాత టౌన్‌హౌసూ, అందులో అటూ ఇటూ పచార్లు చేసిన పదిహేనేళ్ళ పిల్లా కళ్ళముందు తిరుగుతూనే ఉన్నారు.

మా నాన్నగారు తెనాలి నుంచి మమ్మల్ని ఈ అమెరికా తీసుకొచ్చింది ఎనభైల నడుమ. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు. కందిపప్పు కోసం గంటసేపు కారెక్కి పోవడం, ఊళ్ళో మరో తెలుగు కుటుంబం ఉందని తెలిస్తే పండగ చేసుకోవడం, నాన్నగారు కారు తీసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోతే సాయంత్రందాకా ఇంటిల్లిపాదీ ఆ నాలుగు గోడల మధ్యా ఉండిపోవడం. పదిహేనేళ్ళు వచ్చాక నాకు ఆ ఉండిపోవడమే భరించరానిదైంది. వేసవి సెలవుల్లో కిటికీ దగ్గర నిలబడి, రోడ్డు మీద పోయే ప్రతి కారునీ చూస్తూ, దానిలో ఉన్నవాళ్ళ మీద కారణం లేని కోపం తెచ్చుకునేదాన్ని. డ్రైవింగ్ క్లాసులో చేరతానంటే నాన్నగారు వచ్చే ఏడు చూద్దామన్నారు. నా డబ్బుతో నేనే చేరతానని ఆ క్షణంలోనే మనసులో అనేసుకున్నాను.

పక్కింట్లో ఒక నర్సు ఉండేది, అమెరికన్. ఆమెకి నాలుగేళ్ళ కూతురు. పిల్లని చూస్తావా, ఎంత తీసుకుంటావు అని ఆవిడ అడిగినప్పుడు, మా అమ్మ నేర్పిన మర్యాద ప్రకారం మీ ఇష్టం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, నా ఇష్టం కాదు, నీ పనికి ధర నువ్వే చెప్పాలి, ఎక్కువైతే ఎక్కువంటాను, తక్కువైనా చెబుతాను, ఆలోచించుకుని రా, అని పంపేసింది. ఇక చూడండి నా అవస్థ. తక్కువ చెబితే చులకన, ఎక్కువ చెబితే ఆశపోతు. క్లాసులో స్నేహితురాలిని అడిగాను, దానికి దాని అక్క చెప్పిన లెక్క వేరే. పిల్ల నిద్రపోతున్నప్పుడు ఊరికే కూర్చున్నందుకు కూడా డబ్బు పుచ్చుకోవచ్చునా అన్నది నన్ను తెగ పీడించింది. చివరికి గంటకి రెండు డాలర్లన్నాను. ఆవిడ, న్యాయంగానే ఉంది, వంట కూడా చేయాల్సి వస్తే ఇంకొంచెం అడుగు, అంది. వాళ్ళ మెట్లు దిగి మా ఇంటికి వచ్చిన ఆ కాస్త దూరమూ నేను ఒక అంగుళం పొడుగ్గా నడిచాను.

మా వీధి చివర ఉండే తెలుగు ఆంటీ దగ్గర మాత్రం ఈ లెక్క నడవలేదు. ఆవిడకి ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు బడికి వెళ్ళబోతున్నాడు, చిన్నవాడు ఇంకా చంక దిగడు. ఆవిడ కొత్తగా డేటా ఎంట్రీ ఉద్యోగంలో చేరి, పిల్లల్ని కాస్త చూడమంటే, దానికేం పని, అది చూస్తుందిలే అని మా అమ్మ నా తరఫున మాట ఇచ్చేసింది. నాకు దక్కింది డజను గాజులూ, గిన్నెడు రవ్వలడ్లూ. నా రేటు ఆంటీకి కూడా చెబుతానంటే అమ్మ నిర్ఘాంతపోయి, "మనవాళ్ళ దగ్గర రేటేమిటే? రేపు కాఫీ ఇచ్చి కూడా బిల్లు రాస్తావా?" అంది. ఆంటీతో ఎలా చెప్పాలా అని నేను లోలోపల మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను. అంతలో, వేసవి సెలవులు మొదలవుతుండగా, మా అమ్మమ్మ వచ్చింది.

విజిటర్ వీసా మీద ఆరునెలలు ఉండి వెళదామని వచ్చిన అమ్మమ్మని చూడగానే ఆంటీకి ప్రాణం లేచివచ్చింది. పిన్నిగారూ అని ఆవిడని వరస కలిపి పిలుస్తూ, పొద్దున్నే పిల్లల్ని దింపి, సాయంత్రం తీసుకుపోయేది. మొదట్లో అమ్మమ్మకీ సరదాగానే ఉండేది. చిన్నవాడికి గోరుముద్దలు, పెద్దవాడికి కథలు. పోనుపోను మోకాళ్ళు పట్టేసేవి. తెనాలిలో అమ్మమ్మ కాలు ఒకచోట నిలిచేది కాదు. బజారూ, మార్నింగ్ షో, మూడు వీధుల అవతలి చుట్టాలూ, అన్నీ నడకే. ఇక్కడ మా పోస్ట్ బాక్స్ దాటి ఆవిడ అడుగు పడలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని నేను నిలబడే కిటికీ దగ్గరే నిలబడేది. ఆవిడని అలా చూస్తుంటే నాకు ఆంటీ మీద ఒళ్ళు మండిపోయేది.

ఒకనాటి పొద్దున అమ్మమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు ఆంటీ తలుపు కొట్టి, పిల్లల సంచీ నా చేతికిస్తూ, "ఈరోజు మీటింగ్ ఉందిరా, కొంచెం లేట్ అవుతుంది, పిన్నిగారికి చెప్పు" అంది. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"మా అమ్మమ్మ బేబీసిట్టర్ కాదు ఆంటీ. నేను చూస్తాను. గంటకి రెండు డాలర్లు."

ఆంటీ మొహం తెల్లబోయింది. నా వెనక అట్లకాడతో వచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. "పర్లేదులే, లీవ్ పెట్టుకుంటాను" అని ఆంటీ సంచీ వెనక్కి తీసుకుని, పిల్లల్ని కారెక్కించుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా అమ్మ నాతో మాట్లాడలేదు. సాయంత్రం నాన్నగారు, విజిటర్‌గా వచ్చినవాళ్ళు జీతం తీసుకోకూడదనీ, నీ సంగతి వేరనీ, అయినా అలా గుమ్మంలో నిలబెట్టి అడగడం ఏమిటనీ, ఎటూ తేల్చకుండా చెప్పి ఊరుకున్నారు. అమ్మమ్మ నన్ను పెరటి మెట్ల మీదికి పిలిస్తే, తిట్లు తినడానికే సిద్ధపడి వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు. రెండు డాలర్లని ఎలా నిర్ణయించావో చెప్పమంది. నేను నర్సు సంగతి, స్నేహితురాలి సంగతి, నిద్రపోయే పిల్లల సంగతి అన్నీ చెప్పాను. శ్రద్ధగా విని, "బాగానే కట్టావే. మరి నా రేటేమిటో నన్నడక్కుండా, నా బదులు నువ్వెలా మాట్లాడేశావు?" అంది.

నీదెంత అమ్మమ్మా అన్నాను.

"డబ్బు నాకెందుకే, ఇక్కడ ఏ కొట్టుకి నడిచి వెళ్ళగలను? నాకు కారు కావాలి."

తరవాతి వారం పిల్లలు రాలేదు. ఇల్లు చప్పుడు లేకుండా పోయింది. అమ్మమ్మ చిన్నవాడి గిలక్కాయ తీసి పెట్టెలో పెట్టేది, మళ్ళీ తీసి బల్ల మీద పెట్టేది. నేను మేడ మీదకీ కిందకీ తిరిగేదాన్ని. చివరికి అమ్మమ్మే ఆంటీ నంబర్ కలపమని, ఫోన్ తన చేతిలోకి తీసుకుని, శనివారం రమ్మంది.

ఆంటీ వచ్చింది, కాఫీ ముట్టుకోకుండా కూర్చుంది. అమ్మమ్మ మాత్రం కూరగాయలు బేరమాడినంత తేలిగ్గా చెప్పింది. "వారంలో మూడు రోజులు పిల్లల్ని నేను చూస్తాను. శనివారం నువ్వు నన్ను కారులో తిప్పాలి. ఎక్కడికని అడక్కు, నాకూ తెలియదు. మిగతా రోజులు నా మనవరాలు చూస్తుంది, దాని రేటు దానికివ్వు."

ఆంటీ కళ్ళు తుడుచుకుంది. డేకేర్‌లో వేస్తే జీతం మొత్తం దానికే పోతుందనీ, మీరు ఎంతంటారోనన్న భయంతోనే డబ్బు సంగతి అసలు అడగలేదనీ చెప్పి, "నాకు లైసెన్స్ వచ్చి రెండు నెలలే పిన్నిగారూ. ఆఫీస్‌కి తప్ప ఎక్కడికీ డ్రైవ్ చేయలేదు. హైవే అంటే వణుకు" అంది.

"అయితే ఇద్దరం కలిసి వణుకుదాం" అంది అమ్మమ్మ.

అలా మొదలయ్యాయి మా శనివారాలు. ముందు సీట్లో చీరకొంగు బిగించుకుని అమ్మమ్మ, వెనక ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ నేను. విమానాలు దిగే చోటు కంచె అవతల నుంచి చూశాం. పడమటి వైపు పాడిపశువులున్న ఒక ఫారమ్‌లో, యజమానికి తెలుగు రాదన్న సంగతి ఏమాత్రం లెక్కచేయక, ఆవు ఎన్ని లీటర్లిస్తుందో అమ్మమ్మ అడిగి తెలుసుకుంది. ఒకసారి మొక్కజొన్న చేల మధ్య దారి తప్పి, ఆంటీ కారు పక్కకి ఆపి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడిస్తే, అమ్మమ్మ జంతికల డబ్బా తీసి అందరికీ పంచి, ఏడుపు అయ్యేదాకా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. ఆ పైవారమే ఆంటీ మొదటిసారి హైవే ఎక్కింది. అమ్మ కూడా, అలక మానేసి, ఒక శనివారం పులిహోర కట్టుకుని మాతో వచ్చింది. నా రెండు డాలర్లు ఆంటీ ప్రతివారం నా చేతిలోనే పెట్టేది. చలికాలం రాకముందే నేను డ్రైవింగ్ క్లాసులో చేరాను.

ఆంటీవాళ్ళు తరవాత దేశానికి ఆ చివరనున్న చాండ్లర్ వెళ్ళిపోయారు. అమ్మమ్మ పోయిన కబురు తెలిసి ఆవిడ ఫోన్ చేసి, మొక్కజొన్న చేల మధ్య దారి తప్పిన రోజు గురించే మాట్లాడింది.

ఇప్పుడు మా పక్క ప్రతి మూడో గుమ్మమూ తెలుగువాళ్ళదే. కాలిబాటలున్నాయి, కొట్లున్నాయి, బేబీసిట్టర్ల రేట్లు ఫోన్‌లోనే తెలుస్తాయి. మనవల్ని చూసిపెట్టడానికి ఇండియా నుంచి తల్లిదండ్రులు వంతులవారీగా వస్తారు. అమ్మాయి తరఫువాళ్ళు ఆరునెలలు, వాళ్ళు విమానమెక్కగానే అబ్బాయి తరఫువాళ్ళు. గుమ్మంలో దురుసుగా మాట్లాడే పిల్లలూ లేరు, అన్నీ మర్యాదగానే జరిగిపోతున్నాయి. నిన్న ఆఫీస్‌కి వెళుతుంటే సిగ్నల్ దగ్గర ఒక పెద్దావిడ, చీర మీద స్వెటరూ, కాళ్ళకి కొడుకువో కోడలివో స్నీకర్లూ, పసివాణ్ణి కూర్చోబెట్టిన స్ట్రోలర్ పట్టుకుని నిలబడి ఉంది. దీపం మారినా దాటలేదు. అద్దం దించి, ఎక్కడికి వెళ్ళాలండీ అని అడిగాను. తెలుగు వినగానే మొహమంతా విప్పారి, "ఎక్కడికీ లేదమ్మా, అవతల ఏముందో చూద్దామనీ" అంది. ఇంకేదో చెప్పబోతుండగా వెనక కారు హారన్ కొట్టింది. నేను కదలక తప్పలేదు. ఈ రోజుల్లో మా ఇళ్ళల్లో మనిషికొక కారు, అందరం పొద్దున్నే ఎవరి కారులో వాళ్ళం పోతుంటాం. నా కారులో నేను కాక ఇంకో నలుగురికి చోటుంది.